పాత డీజిల్ జీపు, కారులో బయోడీజిల్ వాడవచ్చా? మేడ్చల్, శామీర్‌పేట రైతులకు సూచనలు

శామీర్‌పేట, అలియాబాద్, తుర్కపల్లి వైపు గానీ, మేడ్చల్, పూడూరు, డబిల్‌పూర్ వైపు గానీ గ్రామసభకు వెళితే ఈ మధ్య పంట గురించిన ప్రశ్నలతో పాటు ఒక బండి ప్రశ్న కూడా తప్పకుండా వస్తోంది. "సార్, మా పాత సుమో బయోడీజిల్ మీద నడుస్తదా? పొలం గట్ల మీద కానుగ చెట్లు ఉన్నయి, నూనె పట్టించి పోస్తే ఏమన్న అయితదా?" తెల్లవారుజామున ఆకుకూరలు, టమాట, బీర వేసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లే రైతుకు లీటరు డీజిల్ 95 రూపాయలు దాటాక ఇలాంటి ఆలోచన రావడం సహజమే. అందుకే ఈ విషయం మీద నాకు తెలిసినది, నా సొంత జీపు మీద నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా జవాబు. సరిగ్గా తయారైన బయోడీజిల్‌ను మామూలు డీజిల్‌లో నూటికి 20 పాళ్ల వరకు కలిపి పాత డీజిల్ బండిలో వాడవచ్చు. దానికి ముందు బండికి కొన్ని మార్పులు చేసుకోవాలి. గానుగ పట్టిన పచ్చి నూనెను మాత్రం బండి ట్యాంకులో పోయరాదు. ఎంత వడపోసినా, ఎంత కొంచెం కలిపినా పోయరాదు.

నూనె వేరు, బయోడీజిల్ వేరు

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనె మీద నడిపి చూపించారు. ఆ మాట పట్టుకుని చాలామంది నూనె పోస్తే చాలు అనుకుంటారు. మన దగ్గర కూడా ఉదాహరణ ఉంది. ఆదిలాబాద్ జిల్లాలో చల్‌బర్డి అనే గిరిజన గూడెంలో 2000 దశకం మొదట్లో కానుగ నూనెతో జనరేటర్ నడిపి ఇళ్లలో దీపాలు వెలిగించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ప్రొఫెసర్ ఉడిపి శ్రీనివాస ఈ పనికి చొరవ తీసుకున్నారు. అదే జిల్లాలోని పవర్‌గూడలో మహిళా సంఘాలు కానుగ నూనె తీయడం, మొక్కలు పెంచడం మొదలుపెట్టాయి. ఆ నూనె వల్ల డీజిల్ వాడకం తగ్గుతుందన్న లెక్కన 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. ఊరి మహిళలు సాధించిన గొప్ప విషయం అది.

అయితే గూడెంలో ఆడింది ఒకేచోట నిలబెట్టిన ఇంజన్. అది ఒకే వేగంతో, ఒకే బరువు మీద గంటల తరబడి వేడిగా తిరుగుతుంది. ఆపరేటర్ పక్కనే ఉండి నాజిల్ శుభ్రం చేసుకుంటాడు. అవసరమైతే డీజిల్ మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక నూనెకు మారుస్తాడు. మన బండి సంగతి అలా కాదు. పొద్దున చల్లగా స్టార్ట్ చేస్తాం, సుచిత్ర చౌరస్తాలో ట్రాఫిక్‌లో నిలబెడతాం, మళ్లీ తొక్కుతాం, మార్కెట్‌లో ఆపేస్తాం. కానుగ నూనె చిక్కదనం డీజిల్ కంటే సుమారు పది రెట్లు ఎక్కువ. అంత చిక్కటి నూనె నాజిల్ నుంచి పొగమంచులా రాదు, చుక్కలుగా పడుతుంది. అది పూర్తిగా మండక పిస్టన్ రింగుల దగ్గర, నాజిల్ మొన మీద మసిగా, జిగురుగా పేరుకుంటుంది. మండని నూనె కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మొదటి నెల బండి బాగానే నడుస్తుంది. అందుకే చాలామంది మోసపోతారు. దెబ్బ ఆ తరువాత తెలుస్తుంది.

బయోడీజిల్ అంటే అదే నూనెను మిథనాల్, కాస్టిక్ సోడాతో కలిపి వేడి చేసి, అందులోని గ్లిజరిన్‌ను విడదీయగా మిగిలిన పలుచటి ఇంధనం. దాని చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా ఉంటుంది. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 15607. మనం బంకులో పోయించుకునే డీజిల్‌లో కూడా 7 శాతం వరకు బయోడీజిల్ ఉండటానికి ప్రమాణాలు అనుమతిస్తున్నాయి.

ఏ బండికి పనికొస్తుంది

ఎలక్ట్రానిక్స్ లేని పాత ఇంజన్లు దీనికి అనువైనవి. పాత మహీంద్రా జీపులు, కమాండర్లు, డీజిల్ అంబాసిడర్లు, మొదటి తరం సుమోలు, ట్రాక్స్‌ల వంటివి ఈ కోవలోకి వస్తాయి. కామన్ రైల్ ఇంజన్ ఉన్న బండ్లలో, అంటే మనవాళ్లు సీఆర్‌డీఐ అని పిలిచే వాటిలో, బంకు డీజిల్ తప్ప వేరే ఏదీ పోయవద్దు. వాటి పంపులు, ఇంజెక్టర్ల సందులు చాలా సన్ననివి. కొంచెం సబ్బు, కొంచెం నీరు చాలు, ఇంజెక్టర్లు పోతాయి. పొగ వడపోత అమర్చిన బీఎస్6 బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

పాత బండిలో కూడా ఏ పంపు ఉందో మీ మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి. వరుస పంపు అయితే కొంత మొండిది, దాని అడుగు భాగానికి ఇంజన్ ఆయిల్ తడి అందుతుంది. రోటరీ పంపు లోపలి భాగాలకు మాత్రం ఇంధనమే ఆయిల్. ఇంధనం చెడ్డదైతే పంపు నేరుగా అరుగుతుంది. రోటరీ పంపు ఉన్నవారు 20 పాళ్ల జోలికి పోకుండా 10 పాళ్లతో ఆగడం మంచిదని నా అభిప్రాయం.

నా జీపుకు ఏమైంది

చాలా ఏళ్ల క్రితం నా దగ్గర ఒక పాత జీపు ఉండేది. మండలాలు తిరగడానికి అదే వాడేవాణ్ణి. కానుగ మొక్కలు పంచిన రోజుల్లో రైతులకు చెప్పేముందు నేనే వాడి చూద్దామని ఒక చిన్న తయారీదారు దగ్గర రెండు క్యాన్లు కొన్నాను. రంగు చూస్తే తేనెలా, తేటగా ఉంది. సగం డీజిల్, సగం అది పోశాను. మొదటి మూడు వారాలు పొగ తగ్గింది, ఇంజన్ శబ్దం కూడా మెత్తబడింది. మా ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

నాలుగో వారంలో తూంకుంట దాటాక బండి ఊగి ఊగి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే నల్లటి మడ్డి. ఫిల్టర్ మార్చాను, మళ్లీ రెండు వందల కిలోమీటర్లకే ఆగింది. ఆ మడ్డి కొత్త ఇంధనంలోది కాదు. పదిహేనేళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న పాత డీజిల్ మడ్డి. బయోడీజిల్‌కు సబ్బులాగా కడిగే గుణం ఉంది, అది ఆ మడ్డినంతా కరిగించి ఫిల్టర్‌లోకి తెచ్చింది. అంతవరకైతే ఫర్వాలేదు. తరువాత ట్యాంకు నుంచి పంపుకు వచ్చే రబ్బరు పైపు ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు దగ్గర కారడం మొదలైంది. చివరకు పంపు కూడా విప్పాల్సి వచ్చింది. లోపల పసుపు పచ్చని జిగురు ఉంది. ఆ ఇంధనాన్ని సరిగ్గా కడగలేదని, అందులో సబ్బు మిగిలిపోయిందని పంపు మెకానిక్ చెప్పాడు. క్యాన్‌లో మిగిలిన దాన్ని సీసాలో నీళ్లతో కలిపి ఊపి చూస్తే మజ్జిగలా తెల్లగా మారింది, మరునాటికి కూడా తేరుకోలేదు. ఆ పరీక్ష కొనేముందు చేయాల్సింది. తప్పు అమ్మినవాడిది సగం, చూడకుండా పోసిన నాది సగం.

పోసేముందు బండికి చేయించవలసినవి

ట్యాంకు దింపించి లోపల కడిగించండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, చాలామంది వదిలేసేదీ ఇదే. తరువాత ఇంధనం తిరిగే రబ్బరు పైపులు, రిటర్న్ పైపులు, పంపు సీళ్లు చూడండి. 1990 దశకం నాటి బండ్లలో ఉన్న మామూలు రబ్బరు బయోడీజిల్‌కు ఉబ్బుతుంది. విటాన్ అనే రకం పైపు, సీలు దీనికి తట్టుకుంటాయి. రాణిగంజ్‌లో ఇంజన్ సామాను అమ్మే దుకాణాల్లో ఆ పేరుతోనే అడగండి. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న గొట్టాలు, క్యాన్లు వద్దు. ఇవి ఇంధనాన్ని త్వరగా చెడగొడతాయి.

మొదటి రెండు నెలలు 5 పాళ్లతో మొదలుపెట్టండి. ఒక కొత్త ఫిల్టర్, దాన్ని విప్పే స్పానర్ బండిలో ఎప్పుడూ ఉంచుకోండి. సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి, 1000కి మరోసారి ఫిల్టర్ విప్పి చూడండి. మడ్డి రావడం ఆగిన తరువాతే 10కి, ఆపైన 20కి వెళ్లండి. ఇంజన్ ఆయిల్‌ను కంపెనీ చెప్పిన దూరంలో మూడింట రెండు వంతులకే మార్చండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తే ఇంధనం అందులో కలుస్తోందని అర్థం, వెంటనే ఆపి మార్చాలి. మైలేజీ 20 పాళ్ల దగ్గర కొంచెం తగ్గుతుంది, పెద్దగా కాదు.

లెక్క వేసుకుని చూడండి

శామీర్‌పేట నుంచి బోయిన్‌పల్లికి రానుపోను సుమారు 45 కిలోమీటర్లు. పాత బండి లీటరుకు 11, 12 ఇస్తుందనుకుంటే రోజుకు 4 లీటర్లు. నెలకు 25 రోజులు వెళితే 100 లీటర్లు. అందులో 20 పాళ్లు బయోడీజిల్ అంటే నెలకు 20 లీటర్లు. ఆ బయోడీజిల్ మీకు డీజిల్ కంటే లీటరుకు పది రూపాయలు తక్కువకు దొరికిందనుకున్నా, నెలకు మిగిలేది 200 రూపాయలు. ఒక పంపు ఓవర్‌హాల్‌కు వేలల్లో అవుతుంది. మార్కెట్‌కు వెళ్లే దారిలో బండి ఆగిపోయి ఆకుకూర వాడిపోతే ఆ రోజు నష్టం వేరు.

సొంత కానుగ గింజ సంగతి కూడా చూద్దాం. ఎక్స్‌పెల్లర్‌లో పట్టిస్తే ఒక లీటరు నూనెకు సుమారు 4 కిలోల గింజ కావాలి. నెలకు 20 లీటర్లు అంటే 80 కిలోలు, ఏడాదికి దాదాపు ఒక టన్ను గింజ. కానుగ దిగుబడి చెట్టు చెట్టుకూ చాలా తేడాగా ఉంటుంది. ఎదిగిన చెట్టుకు 20, 25 కిలోలు వస్తాయనుకున్నా 40, 50 చెట్లు ఉండాలి. గట్టు మీద ఆరు చెట్లు ఉన్న రైతు ఇంధనం గురించి ఆలోచించడం వృథా. గింజ కొని చేద్దామంటే కిలో 25 రూపాయలు అనుకున్నా నూనెకే లీటరుకు 100 అవుతుంది, డీజిల్ అంతకంటే చవక. మీ దగ్గర దొరికే ధర వేసి ఈ లెక్క మీరే చేసుకోండి.

2000 దశకంలో ఈ లెక్క ఎవరూ వేయకుండానే అడవి ఆముదం, అంటే జట్రోఫా మొక్కలు బీడు భూముల్లో నాటించారు. బంజరులో నీళ్లు లేకుండా బంగారం పండుతుందన్నారు. నీళ్లు, ఎరువు లేకపోతే ఆ మొక్క బతుకుతుంది గానీ కాయదు. చాలామంది రైతులు పీకేశారు. 2009లో కేంద్రం ప్రకటించిన విధానంలో 2017 నాటికి 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టారు, అది నెరవేరలేదు. 2018 విధానంలో లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి తగ్గించారు. గింజ లేకపోవడమే దీనికి పెద్ద కారణం.

దాబాల్లో వాడిన నూనె

రాజీవ్ రహదారి మీద, నాగపూర్ హైవే మీద దాబాలు, రిసార్టులు చాలా ఉన్నాయి. వాడిన నూనె అక్కడ దొరుకుతుంది కదా అని కొందరు యువ రైతులు అడుగుతున్నారు. ఆలోచన మంచిదే. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 ఆగస్టులో వాడిన వంటనూనెను బయోడీజిల్‌కు మళ్లించే రూకో కార్యక్రమం మొదలుపెట్టింది. పదే పదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని మళ్లీ వంటకు వాడకూడదు. అలాంటి నూనెను హోటళ్లు అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. కాబట్టి ఊరి రైతు క్యాన్ పట్టుకుని వెళ్లి కొనుక్కునే వ్యవహారం కాదిది. రైతు ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడి, అనుమతి తీసుకుని సేకరణ చేస్తే అందులో ఆదాయం ఉండవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. దాబాల్లో ఎక్కువగా వాడేది పామాయిల్. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరకు రాగానే నెయ్యిలా పేరుకోవడం మొదలవుతుంది. మన శివార్లలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి అంతకంటే కిందికి దిగుతుంది. మార్కెట్‌కు బయలుదేరేది సరిగ్గా ఆ వేళకే. చలి నెలల్లో 5 పాళ్లు మించకుండా చూసుకోవాలి, లేదా పూర్తిగా ఆపేయాలి.

ఇంట్లో తయారు చేయవద్దు

వీడియోలు చూసి బకెట్లో చేసేవారున్నారు. లీటరు నూనెకు 200 మి.లీ. మిథనాల్, కొన్ని గ్రాముల కాస్టిక్ సోడా, 55 నుంచి 60 డిగ్రీల వేడి, గంటసేపు కలపడం. వినడానికి సాంబారు కాచినంత సులువు. మిథనాల్ 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఆవిరికి నిప్పు తగిలితే మంట పగటిపూట కంటికి కనిపించదు. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. అందుకే దాన్ని కొనడం, నిల్వ పెట్టడం మీద నియంత్రణ ఉంది. పిల్లలు తిరిగే ఇంట్లో, పశువుల కొట్టంలో చేసే పని కానే కాదు.

పైగా కానుగ నూనెలో, అందులోనూ నిల్వ ఉన్న గింజ నుంచి తీసిన దానిలో, ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. అలాంటి నూనెలో కాస్టిక్ సోడా నేరుగా వేస్తే బయోడీజిల్ రాదు, సబ్బు వస్తుంది. ముందు గంధకామ్లంతో ఒక దశ, తరువాత సోడాతో రెండో దశ చేయాలి. ఆపైన గ్లిజరిన్ తీయడం, నీళ్లతో కడగడం, తేమ లేకుండా ఆరబెట్టడం ఉంటాయి. ఇది శిక్షణ ఉన్నవాళ్లు, తగిన పరికరాలతో చేయాల్సిన పని.

కొనేటప్పుడు

హైవే పక్కన ట్యాంకర్లు, డ్రమ్ములు పెట్టి బయోడీజిల్ పేరుతో చవకగా అమ్మేవారి దగ్గర కొనకండి. వాటిలో చాలాసార్లు ఉండేది కారఖానాలకు అమ్మే ద్రావకాలు, కిరోసిన్ వంటివి కలిపిన సరుకు. బయోడీజిల్ అమ్మకానికి కేంద్రం 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం డీజిల్‌లో కలపడానికే దాన్ని అమ్మాలి, అమ్మేవారికి అనుమతులు ఉండాలి. బిల్లు, పరీక్ష నివేదిక అడగండి. ఇవ్వనంటే వెనక్కి తిరగండి.

మీరే చేసుకోగల రెండు పరీక్షలు చెబుతాను. మొదటిది నీళ్ల పరీక్ష. గాజు సీసాలో సగం బయోడీజిల్, సగం నీళ్లు పోసి పది సెకన్లు గట్టిగా ఊపండి. అరగంటలోపు పైన తేట ఇంధనం, కింద తేట నీరు విడిపోతే సబ్బు లేదని అర్థం. మధ్యలో తెల్లటి పొర నిలిస్తే వద్దు. రెండోది సాంద్రత. బంకులో వాడే హైడ్రోమీటర్ లాంటిదే ఒకటి కొనుక్కోండి. 15 డిగ్రీల దగ్గర బయోడీజిల్ సాంద్రత 860 నుంచి 900 మధ్య ఉంటుంది, ఇప్పటి డీజిల్ 845 దాటదు. మన ఎండలో కొలిస్తే రెండూ పది, పదిహేను తక్కువగా చూపుతాయి, అది సరిచేసుకోవాలి. నూరు పాళ్ల బయోడీజిల్ అని చెప్పి 820 చూపిస్తే అది వేరే ఏదో.

నూనె పూర్తిగా మారిందా లేదా అనేది మిథనాల్‌తో తెలుస్తుంది. 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి ఊపితే మొత్తం కరిగిపోవాలి, అడుగున నూనె చుక్క దిగితే తయారీ సగంలో ఆగినట్టు. ఇది మాత్రం సంఘం తరఫున కొనేటప్పుడు, తెలిసినవారి చేత ఆరుబయట చేయించండి.

తెచ్చిన ఇంధనాన్ని మూడు నెలలకు మించి ఉంచకండి. మూత బిగించిన ప్లాస్టిక్ లేదా స్టీలు డబ్బాలో, నీడలో, నిండుగా ఉంచాలి. సగం ఖాళీ డబ్బాలో రాత్రి చెమట పట్టి నీరు చేరుతుంది, ఆ నీటిలో నాచులాంటి తెట్టు పెరుగుతుంది. వాసన పుల్లగా మారితే బండికి పోయకండి. ఎక్కువ రోజులు బండి నిలబెట్టే పని ఉంటే చివరి ట్యాంకు పూర్తిగా డీజిల్‌తో నడిపి ఆపండి.

కానుగ చెట్లు ఉన్నవారికి

ఇంత చదివాక చెట్లు కొట్టేద్దామని అనుకోవద్దు. గింజను గానుగ పట్టించి నూనెను సబ్బు, తోలు పరిశ్రమలకు కొనేవారికి అమ్మండి. 100 కిలోల గింజకు 60, 70 కిలోల పిండి మిగులుతుంది, దాన్ని అమ్మకుండా పొలానికి వాడండి. కానుగ పిండిలో సుమారు 4 శాతం నత్రజని ఉంటుంది. యూరియాతో కలిపి వేస్తే నత్రజని ఒక్కసారిగా కరిగిపోకుండా నిదానంగా అందుతుంది. చేదు వల్ల పశువులకు మాత్రం దాణాగా పెట్టరాదు. లేత కొమ్మలు, ఆకు వరి మడిలో పచ్చిరొట్టగా తొక్కించవచ్చు.

బండి పదిహేనేళ్లు దాటినదైతే రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పునరుద్ధరించాలి, అప్పుడు ఫిట్‌నెస్, పొగ పరీక్ష తప్పవు. బయోడీజిల్ కలిపి వాడేవారు ఆ పరీక్షకు వెళ్లే ముందు ఫిల్టర్ మార్చి, నాజిల్ ఒత్తిడి సరిచూపించుకుని వెళ్లండి.